ఉమ్మడి వర్క్‌షాపులో మిల్లింగ్ మెషిన్: కోత మొదలుపెట్టే ముందూ, ముగించిన తరువాతా

సొంత షెడ్డులో మిల్లింగ్ మెషిన్ (తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసే యంత్రం) ఉన్నవారికి నిన్న సాయంత్రం దాన్ని ఏ స్థితిలో వదిలిందీ ఈ ఉదయం గుర్తుంటుంది. పదిమంది వంతులవారీగా వాడుకునే వర్క్‌షాపులో ఆ వెసులుబాటు ఉండదు. మీకంటే ముందు వాడినవారు హెడ్‌ను (కట్టర్‌ను తిప్పే పై భాగాన్ని) ఏటవాలుగా వంచి ఉండవచ్చు, వైస్‌ను (కోసే ముక్కను దవడల మధ్య పట్టి ఉంచే సాధనాన్ని) తీసి మళ్లీ కంటి అంచనాతో బిగించి ఉండవచ్చు, కొలతలు చూపే డిజిటల్ రీడౌట్‌ను అంగుళాల్లోకి మార్చి ఉండవచ్చు. వారి పనికి అవన్నీ అవసరమై ఉంటాయి కాబట్టి వారిని తప్పుపట్టవలసిన పని లేదు. మీ జాబ్, అంటే మీరు కోస్తున్న ముక్క, చెడితే మాత్రం నష్టపోయేది మీరే. అందుకే ఉమ్మడి మెషిన్ మీద పని నేర్చుకోవడమంటే ముందుగా పరీక్షించడం నేర్చుకోవడమేనని నేను గట్టిగా నమ్ముతాను. కోతకు ముందు ఆ పరీక్షలకు పెట్టే అరగంటను వృథాగా భావించేవారు ఆ తరువాత రెండు మూడు గంటలు జాబ్‌ను సరిదిద్దుకుంటూ గడపవలసి వస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా టరెట్ రకం నిలువు మిల్లింగ్ మెషిన్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నది. 1938లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో బ్రిడ్జ్‌పోర్ట్ కంపెనీ తయారుచేసిన నమూనాయే దీనికి మూలం. హెడ్ పక్కలకూ ముందువెనుకలకూ వంగుతుంది, డ్రిల్లింగ్ మెషిన్‌లో లాగా క్విల్ (కట్టర్‌ను తిప్పే ఇరుసైన స్పిండిల్‌ను మోసే గొట్టం) కిందికి దిగుతుంది, టేబుల్ మూడు దిశలలో కదులుతుంది. బాలానగర్ పారిశ్రామికవాడ షెడ్లలో పనిచేసినవారికీ, ఐటీఐలో మెషినిస్టు ట్రేడు చదివినవారికీ ఇది కొత్త కాదు. అయితే హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి కేంద్రాల వల్ల, విదేశాలలో సభ్యత్వ రుసుముతో నడిచే మేకర్ స్పేస్‌ల వల్ల, ఎన్నడూ లోహాన్ని కోయని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ, విద్యార్థులూ ఇప్పుడు యంత్రాల దగ్గరకు వస్తున్నారు. ఈ వ్యాసం ప్రధానంగా వారి కోసమే. మీ వర్క్‌షాపు వారు ఇచ్చే శిక్షణకు ఇది తోడు మాత్రమే. శిక్షణ పూర్తిచేసి అనుమతి పొందకుండా దీన్ని చదివి స్విచ్ వేయవద్దు.

ఒంటి మీద ఉన్నవి

తిరుగుతున్న స్పిండిల్‌కు చిక్కే ప్రతి వస్తువూ ప్రమాదకరమే. చున్నీ, వదులు చొక్కా చేతులు, మెడలోని ఐడీ కార్డు పట్టీ, గాజులు, ఉంగరం, గడియారం, మణికట్టుకు కట్టుకున్న దారం, వీటిలో తీయగలిగినవాటిని తీసి, తీయలేనివాటిని బిగుతైన పొడవు చేతుల చొక్కా కిందికి పోనివ్వాలి. జుట్టు ముడి వేసి టోపీలో దోపుకోవాలి. చేతికి గ్లోవ్స్ వేసుకుంటే రక్షణ అనిపిస్తుంది గాని, గ్లోవ్ దారం ఒక్కటి కట్టర్ పంటికి తగిలినా చేతిని మొత్తంగా లోపలికి లాగేస్తుంది. కాబట్టి స్పిండిల్ తిరిగేటప్పుడు గ్లోవ్స్ నిషిద్ధం. కట్టర్‌ను చేతితో పట్టుకుని మార్చేటప్పుడు గుడ్డ వాడండి. కళ్లద్దాలు పక్కలు కూడా మూసి ఉండే రకం కావాలి, మామూలు పవర్ అద్దాలు సరిపోవు.

స్విచ్ వేయకముందు

ముందుగా మెషిన్ చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. స్పిండిల్ పైన డ్రాబార్‌కు (కట్టర్ హోల్డరును పైకి లాగి బిగించే పొడవాటి బోల్టుకు) స్పానర్ ఏదైనా తగిలించి వదిలేశారా? డ్రిల్ చక్‌లో దాన్ని బిగించే తాళంచెవి ఉండిపోయిందా? మోటారు తిరగగానే ఆ స్పానర్ ఎవరి తలకు తగులుతుందో చెప్పలేం. స్పానర్ డ్రాబార్ మీద ఉన్నంతసేపూ మీ చెయ్యి దాని మీదే ఉండాలనే నియమాన్ని మొదటి రోజే అలవాటు చేసుకుంటే మంచిది.

తరువాత ఆటో ఫీడ్ లీవర్ న్యూట్రల్‌లో ఉందో లేదో చూడాలి. అది పట్టి ఉంటే ఫీడ్ మోటారుకు కరెంటు రాగానే టేబుల్ దానంతట అదే నడుస్తుంది. ప్రతి దిశకూ ఉండే లాకులను వదులు చేసి, టేబుల్‌ను ఎడమకూ కుడికీ, ముందుకూ వెనుకకూ చేతితో పూర్తిగా తిప్పి చూడండి. ఎక్కడైనా బరువుగా తగిలితే లాకు ఉండిపోయిందనో, స్లైడ్‌లో తురుము ఇరుక్కుందనో అర్థం. బలం పెట్టి తిప్పకుండా కారణం కనుక్కోవాలి. ఈ తిప్పడంతో పాటే ఆయిల్ పంపు లీవరును ఒకటి రెండు సార్లు లాగితే స్లైడ్‌లన్నిటికీ నూనె చేరుతుంది. నూనె డబ్బా ఖాళీగా ఉంటే వర్క్‌షాపులో ఉంచిన స్లైడ్‌వే ఆయిల్‌నే పోయాలి. ఇంజిన్ ఆయిల్ దానికి ప్రత్యామ్నాయం కాదు.

ఇప్పుడు కట్టర్ లేకుండా స్పిండిల్‌ను ఒక క్షణం తిప్పి ఆపండి. పైనుంచి చూస్తే అది గడియారం ముల్లు తిరిగే దిశలో తిరగాలి. ఈ పరీక్షను ఎవరూ మానకూడదని ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఉమ్మడి మెషిన్‌లో దిశ తారుమారు కావడానికి కారణాలు ఒకటి కాదు. ఈ రకం హెడ్‌లలో చాలావాటికి బ్యాక్ గేర్ (వేగాన్ని బాగా తగ్గించే గేరు) వేయగానే స్పిండిల్ ఎదురు దిశలో తిరుగుతుంది, స్విచ్‌ను కూడా మార్చవలసి ఉంటుంది. ముందు వాడినవారు ట్యాప్‌ను (రంధ్రంలో మరలు కోసే పనిముట్టును) వెనక్కి తీయడానికి రివర్సులో పెట్టి వదిలి ఉండవచ్చు. త్రీ ఫేజ్ లైను మరమ్మతు చేసినప్పుడు రెండు ఫేజులు అటూ ఇటూ మారినా మోటారు తిరగబడుతుంది. ఎదురు దిశలో తిరిగే కట్టర్ లోహాన్ని కోయదు, రుద్దుతుంది. కొన్ని సెకన్లలోనే దాని పదును పోతుంది.

బ్యాక్ గేర్‌ను స్పిండిల్ పూర్తిగా ఆగినప్పుడే మార్చాలి. బెల్టు మెట్ల పుల్లీ ఉన్న హెడ్‌లో బెల్టును కూడా మెషిన్‌కు మెయిన్ ఆపాకే మార్చాలి. వేరియబుల్ స్పీడ్ హెడ్ అయితే ఇందుకు భిన్నంగా, స్పిండిల్ తిరుగుతున్నప్పుడు మాత్రమే వేగం చక్రాన్ని తిప్పాలి. మీ మెషిన్ ఏ రకమో తెలియకుండా ఈ లీవర్ల మీద చెయ్యి వేయవద్దు.

హెడ్ నిటారుగా ఉందా, వైస్ సూటిగా ఉందా

హెడ్ మీద ఉన్న డిగ్రీల గీత సున్నా దగ్గర ఉన్నంత మాత్రాన హెడ్ నిటారుగా ఉన్నట్టు కాదు. ఆ గీత స్థూలమైన అంచనాకు పనికివస్తుంది, అంతే. ఒక్క డిగ్రీ తేడా ఉన్నా 20 మి.మీ. మందం ప్లేటులో క్విల్‌తో వేసిన రంధ్రం పైనుంచి కిందికి వచ్చేసరికి 0.35 మి.మీ. పక్కకు జరుగుతుంది. పెద్ద కట్టర్‌తో చదును చేస్తే ఒక వరుసకూ మరో వరుసకూ మధ్య గోటికి తగిలే మెట్టు వస్తుంది.

దీన్ని డయల్ గేజ్‌తో (సన్నని తేడాలను ముల్లుతో చూపే సాధనంతో) చూడాలి. మెయిన్ ఆపి, గేరును న్యూట్రల్‌లో పెట్టి, స్పిండిల్‌కు బిగించిన కడ్డీ చివర డయల్ గేజ్‌ను అమర్చి, దాని మొన టేబుల్ మీద సుమారు 250 మి.మీ. వ్యాసం గల వృత్తంలో తిరిగేలా చేయండి. మొన టేబుల్ మీది గాడులైన టీ-స్లాట్లలో పడకుండా, చూసే ప్రతి చోటా ఒకే పారలల్‌ను (అంతటా ఒకే మందం గల ఉక్కు పట్టీని) టేబుల్ మీద పెట్టి దాని మీద రీడింగు తీసుకోవాలి. ఎడమ, కుడి రీడింగుల మధ్య తేడా 0.02 మి.మీ. లోపు ఉంటే మామూలు పనులకు చాలు. ఎక్కువ ఉంటే హెడ్ బోల్టులను కొద్దిగా మాత్రమే వదులు చేసి, తేడాలో సగం తగ్గేవరకు హెడ్‌ను వంచి, మళ్లీ రెండు వైపులా చూసుకోవాలి. బోల్టులు బిగిస్తుంటే హెడ్ మళ్లీ కదులుతుంది కాబట్టి ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా బిగిస్తూ, పూర్తిగా బిగించాక చివరిసారి రీడింగు తీసుకోవాలి. ముందు వెనుకల వంపును కూడా ఇలాగే చూడాలి. హెడ్ చాలా బరువు. బోల్టులు ఎక్కువ వదిలితే ఒక్కసారిగా పక్కకు వాలిపోతుంది. కాబట్టి మొదటి కొన్ని సార్లు అనుభవం ఉన్నవారిని పక్కన నిలబెట్టుకుని చేయండి. వర్క్‌షాపు నియమాల ప్రకారం హెడ్ కదిలించే అనుమతి మీకు లేకపోతే, తేడా ఎంత ఉందో రాసి ఇన్‌చార్జికి చెప్పండి.

వైస్ సంగతి తేలిక. స్పిండిల్‌కు అమర్చిన డయల్ మొనను వైస్ స్థిరమైన దవడకు ఆనించి, టేబుల్‌ను దవడ పొడవునా జరపండి. ముల్లు 0.02 మి.మీ. కంటే ఎక్కువ కదిలితే, ఒక బోల్టును గట్టిగానూ మరొకదాన్ని సడలుగానూ ఉంచి, నైలాన్ సుత్తితో మెల్లగా తడుతూ సరిచేయాలి. వైస్‌ను కొత్తగా పెడుతున్నట్టయితే దాని అడుగు భాగాన్నీ, టేబుల్‌నూ అరచేతితో తడిమి చూడండి. గుడ్డతో తుడిచినా మిగిలిపోయిన సన్నని తురుము చేతికి తెలుస్తుంది.

కట్టర్ బిగించడం

ఎండ్ మిల్‌ను (కొనతోనూ పక్కలతోనూ కోసే కట్టర్‌ను) డ్రిల్ చక్‌లో బిగించకూడదు. చక్ పళ్లు మూడు గీతల మీద మాత్రమే పట్టుకుంటాయి, పక్కనుంచి పడే తోపుకు చక్ టేపరు ఊడి వస్తుంది. కాలెట్ (కట్టర్ కాడను చుట్టూ పట్టే చీలికల గొట్టం) వాడాలి, అదీ సరైన కొలతది: 10 మి.మీ. కాడకు 10 మి.మీ. కాలెట్. కాలెట్‌నూ, స్పిండిల్ లోపలి టేపరునూ పొడి గుడ్డతో తుడవాలి. ఈఆర్ రకం కాలెట్ వాడేవారు దాన్ని ముందుగా నట్టులోకి టక్కుమనేలా ఎక్కించి, ఆ తరువాతే నట్టును హోల్డరుకు బిగించాలి. విడిగా హోల్డరులో వేసి పైనుంచి నట్టు బిగిస్తే కాలెట్ ఒరిగిపోతుంది, విప్పేటప్పుడు లోపలే ఇరుక్కుంటుంది. ఉమ్మడి వర్క్‌షాపుల్లో కాలెట్లు పాడవడానికి ఇది తరచుగా కనిపించే కారణం.

కట్టర్ ఎంత తక్కువ బయటికి ఉంటే అంత మంచిది. బయటికి ఉన్న పొడవు రెట్టింపైతే అదే తోపుకు కట్టర్ ఎనిమిది రెట్లు వంగుతుంది. వ్యాసం సగమైతే పదహారు రెట్లు. క్విల్‌ను కూడా వీలైనంత పైకి లాగి లాకు చేసి, లోతును టేబుల్ ఎత్తుతోనే సర్దుకోవాలి. అలాగే కోత సమయంలో కదలనవసరం లేని దిశల లాకులన్నిటినీ బిగించాలి. కట్టర్ తీసేటప్పుడు డ్రాబార్‌ను ఒక చుట్టు మాత్రం వదులు చేసి, దాని తలపై రాగి సుత్తితో తట్టితే టేపరు విడుతుంది. పూర్తిగా విప్పి తడితే డ్రాబార్ మరలు దెబ్బతింటాయి. తట్టే ముందు కట్టర్ కింద చెక్కముక్కో మడతపెట్టిన గుడ్డో ఉంచితే జారిపడినా మొన విరగదు.

వేగం, ఫీడ్, కోత దిశ

వేగం లెక్క ఒక్కటే: కోత వేగాన్ని (కట్టర్ అంచు నిమిషానికి కదిలే దూరాన్ని) మీటర్లలో తీసుకుని 1000తో గుణించి, కట్టర్ వ్యాసాన్ని మి.మీ.లో తీసుకుని 3.14తో గుణించగా వచ్చినదానితో భాగించాలి. హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) కట్టర్‌కు మైల్డ్ స్టీల్‌లో నిమిషానికి 25 మీటర్లు, అల్యూమినియంలో 80 మీటర్లు మొదలుపెట్టడానికి మంచి విలువలు. అంటే 10 మి.మీ. కట్టర్‌ను స్టీలు మీద సుమారు 800 ఆర్.పి.ఎం. (నిమిషానికి చుట్లు), అల్యూమినియం మీద సుమారు 2500 ఆర్.పి.ఎం. వేగంతో తిప్పాలి. కట్టర్ 20 మి.మీ. అయితే ఆ అంకెలు సగమవుతాయి. కొత్తవారు చిన్న కట్టర్‌ను నెమ్మదిగానూ పెద్ద కట్టర్‌ను వేగంగానూ తిప్పడం చూస్తుంటాం; రెండూ తలకిందులే.

ఫీడ్‌ను, అంటే జాబ్‌ను కట్టర్ మీదికి నడిపే వేగాన్ని, చేతి లెక్కలోకి మార్చుకుంటే గుర్తుంటుంది. నాలుగు పళ్ల కట్టర్ 800 ఆర్.పి.ఎం.తో స్టీలును కోస్తుండగా ఒక్కో పంటికి 0.04 మి.మీ. ఇస్తే నిమిషానికి సుమారు 130 మి.మీ. ఫీడ్ వస్తుంది. హ్యాండిల్ ఒక చుట్టుకు టేబుల్ 5 మి.మీ. జరిగే మెషిన్ మీద ఇది నిమిషానికి 26 చుట్లు, అంటే రెండు సెకన్లకు ఒక చుట్టు కంటే కాస్త నెమ్మది. భయంతో మరీ నెమ్మదిగా తిప్పితే పన్ను లోహంలోకి దిగకుండా రుద్దుకుంటూ పోతుంది, కట్టర్ వేడెక్కి మొద్దుబారుతుంది. శబ్దాన్ని వినండి. కోత సాఫీగా ఉంటే ఒకే స్వరంలో గురగుర వినిపిస్తుంది; కీచుమంటూ అదిరితే వేగం తగ్గించి ఫీడ్ కొంచెం పెంచి చూడాలి.

కోత దిశ గురించి ఎంత చెప్పినా ఎక్కువ కాదు. టేబుల్ స్క్రూకూ నట్టుకూ మధ్య కొంత ఖాళీ ఉంటుంది, ఎందరో వాడిన మెషిన్‌లో అది ఇంకా పెరిగి ఉంటుంది. కట్టర్ పళ్లు కదిలే దిశలోనే జాబ్‌ను తోస్తే కట్టర్ టేబుల్‌ను ఆ ఖాళీ మేరకు ఒక్కసారిగా లాగుకుంటుంది. కట్టర్ విరగవచ్చు, జాబ్ వైస్‌లోంచి ఎగరవచ్చు. అందుకని పళ్లకు ఎదురుగా జాబ్‌ను నడపాలి. మీకు దగ్గరగా ఉన్న ముందు అంచును కోసేటప్పుడు టేబుల్ మీ ఎడమకు కదలాలి, వెనుక అంచును కోసేటప్పుడు కుడికి కదలాలి అని గుర్తుపెట్టుకుంటే చాలు. చివరిగా నునుపు కోసం 0.1 మి.మీ. మాత్రం తీసేటప్పుడు, లాకును కాస్త పట్టించి, పళ్ల దిశలో నడిపితే ఉపరితలం బాగా వస్తుంది. అది చేయి కుదిరాకే ప్రయత్నించండి.

అల్యూమినియం కోసేటప్పుడు లోహం పన్నుకు అతుక్కోకుండా కొద్దిగా కిరోసిన్ బ్రష్‌తో రాస్తే మంచి ఫలితం వస్తుంది, అది మండే ద్రవమని గుర్తుంచుకుని కొంచెమే వాడాలి. కొన్ని వర్క్‌షాపులు దాన్ని అనుమతించవు. అక్కడ వారిచ్చే కటింగ్ ఫ్లూయిడ్ వాడాలి. పోత ఇనుమును, ఇత్తడిని పొడిగానే కోయవచ్చు. మెగ్నీషియం ముక్కను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీసుకురావద్దు, దాని తురుము అంటుకుంటే నీళ్లతో ఆరదు.

ఒక దిమ్మెను ఆరు వైపులా సాపు చేయడం

మొదటి పనిగా దీన్నే చేయమని సలహా ఇస్తాను, ఎందుకంటే ఇందులో పైన చెప్పినవన్నీ పరీక్షకు వస్తాయి. మన దగ్గర హెచ్ఈ30 పేరుతో దొరికే అల్యూమినియం తీసుకుని 80×50×20 మి.మీ. దిమ్మె చేస్తున్నామనుకుందాం. రంపంతో కోసిన ముక్క నాలుగైదు మి.మీ. పెద్దదిగా ఉండాలి.

అన్నిటికంటే పెద్ద ముఖాన్ని పైకి పెట్టి, కింద పారలల్స్ ఉంచి, మచ్చలు పోయేంత మేరకే కోయండి. ఇది ఒకటో ముఖం, మిగతా అన్నిటికీ ఆధారం. జాబ్ తీసిన ప్రతిసారీ అంచుల మీది బర్‌ను (కోతకు లేచిన లోహపు పొరను) సన్నని ఆకురాయితో తీసేయాలి. వెంట్రుకంత బర్ కూడా జాబ్‌ను పారలల్ మీద ఎత్తి కూర్చోబెడుతుంది.

రెండో ముఖానికి ఒకటో ముఖాన్ని వైస్ స్థిరమైన దవడకు ఆనించాలి. ఎదురు వైపు ఇంకా రంపం కోసిన గరుకు ముఖమే ఉంది కాబట్టి, కదిలే దవడకూ జాబ్‌కూ మధ్య ఒక గుండ్రని కడ్డీని అడ్డంగా పెట్టి బిగించాలి. అప్పుడు ఒత్తిడి ఒకే గీత మీద పడి, ఒకటో ముఖం స్థిరమైన దవడకు పూర్తిగా అతుకుతుంది. కడ్డీ పెట్టకపోతే గరుకు ముఖం వంకర జాబ్‌ను తిప్పేస్తుంది, లంబకోణం రాదు. కోశాక మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి.

మూడో ముఖానికి ఒకటో ముఖం స్థిరమైన దవడకే ఉండాలి, ఇప్పుడే కోసిన రెండో ముఖం కిందికి పారలల్స్ మీదికి రావాలి, కడ్డీ అలాగే ఉండాలి. నాలుగో ముఖానికి ఒకటోది కిందికి వస్తుంది, కడ్డీ అక్కరలేదు. వైస్ బిగించేటప్పుడు కదిలే దవడ జాబ్‌ను కాస్త పైకి లేపుతుంది. బిగించాక నైలాన్ సుత్తితో తట్టి, రెండు పారలల్సూ వేలితో కదపబోతే కదలని స్థితికి వచ్చాయో లేదో చూడాలి. ఒక పారలల్ కదులుతుంటే జాబ్ కూర్చోలేదన్నమాట. చివరి రెండు కొనలను జాబ్‌ను వైస్ పక్కకు ఐదారు మి.మీ. బయటికి ఉంచి, ఎండ్ మిల్ పక్క పళ్లతో కోయడం ఉత్తమం. 80 మి.మీ. ఎత్తున నిలబెట్టి కోస్తే అదురు ఎక్కువ.

ఈ దిమ్మెలో రంధ్రాలు వేయాలంటే ఎడ్జ్ ఫైండర్‌తో అంచు పట్టుకోవాలి. దాన్ని 1000 ఆర్.పి.ఎం. దాటకుండా తిప్పుతూ జాబ్ అంచుకు మెల్లగా చేర్చితే, ఊగుతున్న మొన క్రమంగా నిలకడకు వచ్చి, ఉన్నట్టుండి పక్కకు జారుతుంది. ఆ క్షణంలో స్పిండిల్ కేంద్రం అంచుకు మొన వ్యాసంలో సగం దూరంలో ఉంటుంది. రీడౌట్ మి.మీ.లోనే ఉందని మరోసారి చూసుకుని సున్నా చేయండి. రీడౌట్ లేని మెషిన్‌లో హ్యాండిల్ డయల్‌ను నమ్ముకోవాలి కాబట్టి ప్రతి కొలతకూ ఒకే వైపు నుంచి చేరాలి. దాటిపోతే వెనక్కి బాగా వచ్చి మళ్లీ చేరాలి. ఎం8 ట్యాపుకు సెంటర్ డ్రిల్ తరువాత 6.8 మి.మీ. డ్రిల్ వేయాలి.

కోత మధ్యలో కరెంటు పోతే వెంటనే స్విచ్ ఆపి, జాబ్‌ను కట్టర్ నుంచి దూరంగా జరపండి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు తనంతట తాను మొదలుకాకుండా ఆపే స్టార్టర్ అన్ని మెషిన్లకూ ఉండదు.

వదిలి వెళ్లే ముందు

బుకింగు సమయంలో చివరి పావుగంటను శుభ్రానికే కేటాయించండి. స్పిండిల్ ఆగాకే తురుమును బ్రష్‌తో తోయాలి. గాలి గొట్టంతో ఊదితే తురుము స్లైడ్‌ల లోపలికీ, ఎదుటివారి కళ్లలోకీ పోతుంది. అల్యూమినియం, స్టీలు తురుములను వేరువేరు డబ్బాల్లో వేస్తే వాటికి తుక్కు ధర వస్తుంది, కలిపితే ఆ విలువ పడిపోతుంది. కూలెంట్ చెమ్మను బనియన్ వేస్ట్‌తో తుడిచి, టేబుల్‌కూ వైస్ దవడలకూ పలుచగా నూనె రాయండి. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు గాలిలోనూ, వానాకాలంలోనూ ఇది మానితే మర్నాటికే తుప్పు కనిపిస్తుంది. కాలెట్లు, పారలల్స్ తుడిచి వాటి గళ్లలో పెట్టాలి. వేగాన్ని తక్కువకు తెచ్చి, లాకులు వదులు చేసి, ఆటో ఫీడ్‌ను న్యూట్రల్‌లో ఉంచాలి.

లాగ్ పుస్తకంలో మీరు ఏం చేశారన్నదానికంటే ఏం మార్చారన్నది ముఖ్యం. "అల్యూమినియం పని" అని రాస్తే తరువాతివారికి ఏమీ తెలియదు. "హెడ్ కుడికి 15 డిగ్రీలు వంచి మళ్లీ నిలబెట్టాను, ఎడమ-కుడి తేడా 0.02, వైస్ తీయలేదు, 10 మి.మీ. ఎండ్ మిల్ ఒక పన్ను విరిగింది, పక్కన పెట్టాను" అని రాస్తే వారు ఎక్కడ చూడాలో వారికి తెలుస్తుంది. విరిగిన కట్టర్‌ను తిరిగి డబ్బాలో పెట్టడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. దాన్ని విరగ్గొట్టినందుకు ఎవరూ ఏమీ అనని వాతావరణాన్ని వర్క్‌షాపు నడిపేవారు కల్పించాలి, లేకపోతే సభ్యులు దాచిపెడతారు. సమయం చాలక హెడ్‌ను సరిచేయకుండా వెళ్లవలసి వస్తే, ఆ సంగతి పుస్తకంలో రాయడంతో ఆగకుండా, కాగితం మీద పెద్ద అక్షరాలతో "హెడ్ వంచి ఉంది" అని రాసి స్విచ్ మీదే అంటించండి.